గోడ కింది బావి

ఆ యేడు శివరాత్రి వెళ్ళిన వారానికి లక్ష్మీనర్సమ్మ కొడుకు బావి గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

వెంకట్రాజానికి ఇరవై రెండేళ్ళు. ఒక్కడే కొడుకు. వరంగల్లు పత్తి జిన్నింగు మిల్లులో యంత్రం దగ్గర పని. ఒకనాడు బెల్టు జారితే సాటి పనివాడు మొగిలయ్య లోపల చేయి పెట్టి సవరిస్తున్నాడు. అది చూసుకోకుండా వెంకట్రాజం స్విచ్చి వేశాడు. మొగిలయ్య కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. మిల్లువాళ్ళు వెంకట్రాజాన్ని ఏమీ అనలేదు. మొగిలయ్యా ఏమీ అనలేదు. దవాఖాన మంచం మీద పడుకుని, "నీ తప్పేం లేదు తియ్యిరా" అన్నాడట. ఆ మాట విన్ననాటి నుంచే వెంకట్రాజం పనికి పోవడం మానేశాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. పొద్దు వాలే వేళకు దొడ్లోకి పోయి బావి గట్టు మీద కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చునేవాడు.

కాళ్ళు లోపలికి. అది చూసినప్పుడల్లా లక్ష్మీనర్సమ్మ చేతిలో పని వదిలేసి వంటింటి గడప దాకా వచ్చేది.

ఆమె మొదటి నుంచీ భయస్తురాలే. మొగుడు పోయినప్పుడు పిల్లవాడికి నాలుగేళ్ళు. విస్తరాకులు కుట్టి వాణ్ణి సాకింది. బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే లారీ కింద పడ్డాడేమోననుకునేది. చలిజ్వరం వస్తే, అది చలిజ్వరం కాదేమోననుకునేది. పక్కింటి హుసేన్‌బీ నవ్వేది. "అక్కా, పిల్లగాడు తుమ్మితే సుత నువ్వు కాటికి పంపేదాకా పోతవ్. అల్లా దయ, వానికేం కాదు. జర ఫికర్ తక్కువ చెయ్యి."

ఆ రెండు ఇళ్ళకూ బావి ఒక్కటే. ఎప్పుడో పెద్దల కాలంలో ఒకే దొడ్డి రెండు ముక్కలైనప్పుడు గోడను సరిగ్గా బావి నడుమ నుంచి కట్టారు. బావి మీద అడ్డంగా రాతి దూలం, దూలం మీద గోడ. సగం బావి ఇటు, సగం అటు. ఇటొక గిలక, అటొక గిలక. దూలానికి ఆనుకుని గోడ అడుగున మనిషి తల పట్టేంత సందు వదిలారు. ఆ సందులో మొహం కనబడదు కాని మాట వినబడుతుంది. అదీ గట్టు దగ్గర నిలబడితేనే. నీళ్ళ మీదుగా వచ్చే మాట కాస్త చల్లగా, దగ్గరగా, చెవిలో చెప్పినట్టు ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇద్దరు ఆడవాళ్ళూ కూర చెప్పుకున్నదీ, కన్నీళ్ళు చెప్పుకున్నదీ ఆ సందులోనే. వెంకట్రాజం పుట్టినప్పుడు మొదటి స్నానానికి నీళ్ళు చేదింది హుసేన్‌బీయే. వాడు ఆమెను చిన్నమ్మా అనే పిలిచేవాడు. ఆమెకు పిల్లలు లేరు.

తాడు తెగి చేద బావిలో పడితే తీయడానికి ఇనుప కొక్కేల గాలం ఒకటి ఉండేది. అదీ రెండిళ్ళకు కలిపి ఒకటే. ఎవరికి కావలిస్తే వాళ్ళు సందులోంచి అడిగి తీసుకునేవాళ్ళు.

లక్ష్మీనర్సమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి కొడుకునే చూస్తూ ఉండేది. వాడు బావిలోకి వంగి ఏదో గొణుగుతున్నట్టు పెదవులు కదిలేవి. ఎవరితో? నీళ్ళతోనా? ఆమె దగ్గరికి పోతే ఆపేసేవాడు. ఒకనాడు వాడి చేతిలో గాలం తాడు కనబడింది. చేతికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంటున్నాడు. ఆమె పరుగెత్తుకుపోయి లాక్కుంటే, కొక్కేలు లేని వట్టి తాడు చేతికొచ్చింది.

"ఏందే అవ్వా?"

"ఏం లేదు. తాడు పాతదైంది. ఎండల ఏస్త."

తాడును తీసుకుపోయి గడ్డివాములో కుక్కింది. ఆ పూట ముద్ద దిగలేదు.

ఆ భయాన్ని ఎవరికైనా చెప్పుకోవచ్చు గదా అంటే, చెప్పుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, మనిషి నోట చెడ్డమాట వస్తే "అట్లనే కానీ" అంటారు, అందుకని చెడ్డది ఏదైనా మనసులో అనుకో గాని నోటితో అనకు అని. మొగుడు పోవడానికి ముందురోజు ఆమె పోట్లాటలో "నువ్వుంటే ఎంత, లేకుంటే ఎంత" అన్నది. మర్నాడే ఆయన పొలంలో పాము కరిచి పోయాడు. ఆనాటి నుంచి ఆమె నోటికి తాళం. కొడుకు బావిలో దూకుతాడేమో అన్న మాట ఆమె ఒంటి నిండా ఉన్నది. నాలుక మీదికి మాత్రం రానీయలేదు.

మాట అనకుండా పని చెయ్యాలి. ఇటువైపు బావికి బండ వేయిస్తే సరి, నీళ్ళు వాడలో బోరింగు నుంచి తెచ్చుకోవచ్చు అనుకుంది. మేస్త్రీ వచ్చి చూసి, బండ ఒక అంచు గోడ కింది దూలంలోకి దిగాలి, దూలం ఉమ్మడిది, అవతలివాళ్ళు ఒప్పుకోవాలన్నాడు. తల పట్టే సందు మనిషినీ పట్టదా ఏమిటని, సందు కూడా ఇటుకలతో మూసెయ్యమని ఆమె చెప్పింది.

మర్నాడు పొద్దున నీళ్ళు చేదుతూ సందులోకి వంగింది.

"చెల్లె, మా దిక్కు బాయికి బండ ఏపిద్దామనుకుంటాన. సందు సుత మూపిస్త. మీ ఇంటాయన కరీం అన్నకు జర చెప్పు."

"బండనా? గాలి వెల్తురు లేకపోతే నీళ్ళు వాసనొస్తయి గదక్కా. ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే బాయి ఎవలన్న మూస్తరా? నాకు చెప్పక్కా. ఏమైంది?"

లక్ష్మీనర్సమ్మ వెనక్కి చూసింది. పది అడుగుల దూరంలో అరుగు మీద వెంకట్రాజం పళ్ళు తోముకుంటున్నాడు. వాడు వింటున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. ఏదో ఒకటి. నాలుక మీదికి ఏది వస్తే అది.

"నీళ్ళు... మంచిగ ఉంటలెవ్వు. మీరు తోముడు, కడుగుడు... మీ చేతి నీళ్ళు మాకు పడ్తలెవ్వు."

అవతల గిలక చప్పుడు ఆగిపోయింది.

హుసేన్‌బీ గొంతు సందుకు దగ్గరగా వచ్చింది. "ఏమన్నవక్కా?"

  లక్ష్మీనర్సమ్మ చేద ఎత్తుకుని లోపలికి వచ్చింది. వెంకట్రాజం వెనకే వచ్చాడు.

"అవ్వా, చిన్నమ్మను గట్లెందుకన్నవే?"

"నీకు తెల్వది. ఊకో."

ఆ మాట అక్కడే ఆగితే బాగుండేది. మరిది పోశయ్య చెవిన పడింది. పోశయ్యకు ఇలాంటివి కావాలి. "వదినె చెప్పింది నిజమే. వాళ్ళ బాయి వాళ్ళు తవ్వుకోవాలె. ఇన్నేండ్లు మనం మెత్తగున్నం గనుక నడిచింది" అని వాడలో అన్నాడు. హుసేన్‌బీ మొగుడు అబ్దుల్ కరీం ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. వాడలో అతను కళాయి పోయని గిన్నె లేదు. అతను గోడవతల నిలబడి గట్టిగానే అన్నాడు. "నేను కళాయి పోసిన గిన్నెల వండుకొని తింటరు, మా చేతి నీళ్ళు పడయా? ఆ దూలం మీద ఉలి పెడితే నా మీద పెట్టినట్టే."

పోశయ్య పోలీసు ఠాణా అన్నాడు. కరీం కోర్టు అన్నాడు. చివరికి ఎవరో కిషన్ రావు పేరు చెప్పారు.

కిషన్ రావు మునసబు కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసినవాడు. పొలం గట్టు తగాదాలు తాత చేతి నుంచి మనుమడి చేతికి రావడం చూసి చూసి ఆయనకు రోత పుట్టింది. రిటైరైన తర్వాత హన్మకొండలో తన ఇంటి ముందుగదిలో రాజీలు కుదర్చడమే వృత్తిగా పెట్టుకున్నాడు. అన్నదమ్ముల పంపకాలు, మిల్లు యజమానులకూ పనివాళ్ళకూ తగువులు, మొగుడూ పెళ్ళాల అలకలు, అన్నీ వచ్చేవి. రుసుము ఇద్దరి దగ్గరా సమానంగా తీసుకునేవాడు, ఒకరిదే తీసుకుంటే ఒకరి మనిషినవుతానని. తీర్పు చెప్పేవాడు కాదు. "నేను జడ్జిని గాను. మీ నోటి నుంచి వచ్చిందే రాస్త. ఈ బల్ల మీద పెట్టిందే తెంపుత. పెట్టనిది నాకు తెల్వది" అని వచ్చినవాళ్ళందరికీ మొదటే చెప్పేవాడు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. గదిలో మూలన నీళ్ళ కుండ ఉంది. ఎవరు వచ్చినా ముందు నీళ్ళు తాగించడం ఆయన అలవాటు. రెండు గిలాసలు ముంచి ఇద్దరు ఆడవాళ్ళ ముందూ పెట్టాడు. లక్ష్మీనర్సమ్మ గటగటా తాగేసింది. హుసేన్‌బీ గిలాస చేతిలోకి తీసుకుంది, కుండ వైపు చూసింది, లక్ష్మీనర్సమ్మ వైపు చూసింది, తాగకుండా కింద పెట్టింది.

"బాయిల నీళ్ళు చేదుకునేది ఆడోళ్ళు. వాళ్ళే మాట్లాడాలె. మగోళ్ళు అరుగు మీద కూసోండ్రి" అన్నాడు కిషన్ రావు.

"ఆడోళ్ళకేం తెల్సు సార్?" అన్నాడు పోశయ్య.

"నువ్వెన్ని చేదలు చేదినవయ్యా ఆ బాయిల?"

పోశయ్య బయటికి పోయాడు. కరీం అంతకు ముందే లేచాడు.

కిషన్ రావు పద్ధతి వేరు. ఎవరి బాధ వాళ్ళను చెప్పనిచ్చేవాడు కాదు. ముందు ఎదుటివాళ్ళ బాధ చెప్పాలి. ఎదుటివాళ్ళు "అవును, అదే" అనేదాకా చెప్పాలి. అట్లా చెప్పడంలోనే సగం కోపం కరిగిపోతుందని ఆయన అనుభవం. చాలామందికి కరిగేది కూడా.

"హుసేన్‌బీ అమ్మా, మొదలు నువ్వు చెప్పు. లక్ష్మీనర్సమ్మ బాధ ఏంది?"

హుసేన్‌బీ కొంగు సవరించుకుంది. ఆమె గొంతు బావి సందులో వినిపించే గొంతులాగే మెల్లగా ఉంది.

"అక్క ఏమంటాందంటే సార్... ఇరవై రెండేండ్లు ఒక్క బాయి నీళ్ళే తాగినం గని, ఇప్పుడు మా చేతి నీళ్ళు పడ్తలెవ్వంటాంది. మేం ముట్టుకున్న నీళ్ళు వాళ్ళ నీళ్ళల్ల కలుస్తానయట. కలవకుంట బండ ఏసుకుంట, సందు మూసుకుంట అంటాంది." నిండు గిలాసను కొంచెం పక్కకు జరిపింది. "మేం గలీజోళ్ళమని అక్క అనలేదు. నేను అబద్ధం చెప్పొద్దు. ఆ మాట మాత్రం అనలేదు."

కిషన్ రావు లక్ష్మీనర్సమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఆమె చెప్పింది సరిగ్గ ఉన్నదా? నీ మనసుల బాధ అదేనా?"

ఆ గది, ఆ గడియారం చప్పుడు, ఆ నిండు గిలాస. కాదు అంటే, మరేమిటి అంటాడు. ఇంట్లో ఈ గడియకు వాడేం చేస్తున్నాడో. వాకిలి గొళ్ళెం వేసి వచ్చాను కాని దొడ్డి తలుపు? దొడ్డి తలుపు వేశానా?

"అదే" అన్నది లక్ష్మీనర్సమ్మ.

హుసేన్‌బీ కళ్ళు దించుకుంది.

"ఇగ నువ్వు చెప్పమ్మా. హుసేన్‌బీ బాధ ఏంది?"

"గాలి వెల్తురు తల్గక నీళ్ళు వాసనొస్తయని..."

హుసేన్‌బీ తల అడ్డంగా ఊపింది. "అది మా ఆయన బాధ సార్. నాది గాదు."

"మరి నీదేంది?"

"నాదేం లేదు. బండ ఏసుకొనియ్యుండ్రి. నేను మా ఆయనకు చెప్త. సందు ఒక్కటి జర ఉంచుమనుండ్రి."

"సందు ఎందుకమ్మా?"

"మాట్లాడెటందుకు."

 ఇన్ని మాటలు అనిపించుకుని కూడా నాతో మాట్లాడాలనే అనుకుంటోందే అని లక్ష్మీనర్సమ్మ లేచి చెల్లె చేతులు పట్టుకోబోయింది. ఆ వెంటనే, సందు ఉంటే? ఆ సందులో తల పడుతుంది. తల పడితే మనిషి పడతాడు.

"వద్దు. సందు సుత మూయాలె" అన్నది.

కిషన్ రావు కలం కింద పెట్టాడు. హుసేన్‌బీని కాసేపు అరుగు మీద కూర్చోమన్నాడు. తలుపు దగ్గరికి వేశాడు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడం కూడా ఆయన పద్ధతే.

"అమ్మా, ఇక్కడ చెప్పింది నేను అవతలోళ్ళకు చెప్ప. నా పెండ్లానికి సుత చెప్ప. పై నీళ్ళకు బండ ఏస్తవ్. కింది నీళ్ళకు గోడ కట్టలేం గదా? ఆ సంగతి నీకు తెల్సు. తెల్సి సుత అడుగుతానవంటే, నీ మనసుల ఇంకో మాట ఉన్నది. అది నా బల్ల మీద పెట్టు."

ఆమె నోరు తెరిచింది. ఆయన మొహం మంచిగా ఉంది. తెల్ల మీసాలు, కళ్ళద్దాలు, తొందర లేని మనిషి. చెప్పేస్తే ఎంత తేలికవుతుందో ఆమెకు తెలుసు. "సార్, నా కొడుకు" అన్నది. అంతవరకే వచ్చింది. పైన ఇంటి దూలాల మధ్య బల్లి ఒకటి టిక్కుటిక్కుమన్నది. ఆమె నోరు మూసుకుని, చూపుడువేలితో నేల మీద మూడుసార్లు కొట్టింది.

"నీ కొడుకు?"

"ఏం లేదు సార్. నా కొడుకు ఒక్కడే ఇంట్ల ఉన్నడు. జల్ది పోవాలె."

 కిషన్ రావు తలుపు తీసి, హుసేన్‌బీని లోపలికి పిలిచి, కాగితం మీద రాశాడు. ఇటువైపు బావికి బండ. గోడ అడుగు సందుకు ఇటుకలు. ఖర్చు లక్ష్మీనర్సమ్మది. ఇకముందు ఈ సంగతి మీద ఇరువైపులా ఎవరూ ఎవరినీ ఏమీ అనరాదు. రాసినదాన్ని పైకి చదివాడు. లక్ష్మీనర్సమ్మ మూడో తరగతి చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. హుసేన్‌బీ వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తన కొంగుకే తుడుచుకుంది.

"గొడ్డండ్లు పట్టుకొని వచ్చినోళ్ళకు సుత రాజీ చేసిన" అన్నాడు కిషన్ రావు కాగితం మడుస్తూ. "పోయేటప్పుడు తిట్టుకుంట పోయిండ్రు. మంచిదే, తిట్టుకునేటోళ్ళు మల్ల మాట్లాడుకుంటరు. మీరిద్దరు ఒక్క తిట్టు తిట్టుకోలే. అదే నాకు మంచిగ అనిపిస్తలేదు."

హుసేన్‌బీ గిలాస అట్లాగే నిండుగా ఉండిపోయింది.

బండ వేసిన రోజు లక్ష్మీనర్సమ్మ దాని మీద పసుపు చల్లింది. ఆ రోజు కడుపునిండా తిన్నది. కాని కొడుకు తినలేదు. సాయంత్రం పోయి ఆ బండ మీదే బోర్లా పడుకున్నాడు, చెవి రాతికి ఆనించి. ఆ రోజే కాదు, రోజూ అంతే. ఇంతకు ముందు ఏదో గొణిగేవాడు, ఇప్పుడు అదీ లేదు. బావి పోతే చెట్లు లేవా, రైలు పట్టాలు లేవా అని ఆమె భయం దారి మార్చుకుంది. వాడు గడప దాటితే వెనకే పోయేది.

పీర్ల పండుగ అయిన నాలుగు రోజులకు అబ్దుల్ కరీం ఇల్లు అమ్మేశాడు. స్టీలు గిన్నెలు వచ్చి కళాయి పని ఎట్లాగూ పడిపోయింది, మరిపెడలో తమ్ముడి సైకిల్ షాపు ఉన్నది, అక్కడికి పోతున్నామని వాడలో చెప్పాడు. సామాను ఎడ్లబండి మీద వేసుకున్నారు. లక్ష్మీనర్సమ్మ తలుపు సందులోంచి చూసింది, బయటికి రాలేదు. కాగితం మీద ఏమీ అనరాదని ఉన్నది గదా. ఏమని రావాలి?

బండి పోయిన తర్వాత వాకిలి తీస్తే గడప పక్కన ఇనుప గాలం ఉన్నది. తుప్పు తోమి, కొత్త తాడు కట్టి ఉన్నది. లక్ష్మీనర్సమ్మ దాన్ని ముట్టుకోలేదు. వెంకట్రాజం వచ్చి తీసుకుని, తన మంచం కింద పెట్టుకున్నాడు.

దీపావళి వెళ్ళగానే మొగిలయ్య వచ్చాడు. మిల్లు మానేసి స్టేషన్ రోడ్డులో చాయ్ హోటల్ పెట్టాడట. వాకిట్లో నిలబడి రెండు వేళ్ళ చేయి ఊపాడు.

"ఏందిరా, మంచానికి అతుక్కపోయినవ్? గీ రెండు వేళ్ళతోని గిలాసలు పట్టుకునుడు అయితలేదు. మూడు నువ్వు తీసుకుంటివి. మల్ల తెచ్చి పెట్టు, నా హోటల్ల పనికి రా. నడువు."

వెంకట్రాజం మొదట ఏడ్చాడు. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు.

నెల రోజులకు వాడి మొహం మీదికి రక్తం వచ్చింది. ఒక పూట అన్నం తింటూ రెండోసారి పెట్టించుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ విసనకర్రతో ఈగలు తోలుతూ కూర్చుంది. దిష్టి తగులుతుందేమోనని వాడు తినేది కూడా పూర్తిగా చూడలేదు.

"అవ్వా" అన్నాడు. "మొగిలయ్యను నా కాడికి తోలింది ఎవలో తెల్సా? చిన్నమ్మ. ఊరు ఇడిసిపోయేముందు రెండుమార్లు వాళ్ళ ఇంటికి పోయిందట. 'పిల్లగాడు నీ మాటకే లేస్తడు, ఇంకెవల మాటకు లేవడు' అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసిందట."

విసనకర్ర ఆగింది.

"నేను బాయి కాడ ఎందుకు కూసుండేదో నీకు తెల్సానే?"

ఆమె వద్దు, చెప్పకు అన్నట్టు చేయెత్తింది.

"మొదటి రోజు ఏమనుకొని కూసున్ననో నాకే తెల్వది. అటు దిక్కు నుంచి చిన్నమ్మ పిలిచింది. 'ఎవలది, ఎంకట్రాజమా? నా చేద పడ్డది బిడ్డా, గాలం జర అందియ్యి' అన్నది. గాలం తెచ్చి సందుల నుంచి అందిచ్చిన. ఎంత ఎతికినా చేద దొరకకపాయె. అది ఎతికేదాకా ముచ్చట పెట్టింది. మల్ల తెల్లారి పొద్దుగూకంగ సుత ఆమె చేద పడ్డది. ఆ తెల్లారి సుత. రోజు పడేది అవ్వా." వాడు నవ్వబోయాడు, మొహం అదోలా అయింది. "చేద పడలేదు. ఎన్నడు పడలేదు. ఆమె చేతిలనే ఉండె. నాకెరుకే. నాకెరుకని ఆమెకు సుత ఎరుకే. గా తాడు పట్టుకొని కూసుంటే ఆ దిక్కు ఆమె పట్టుకొని ఉండేది. నీకు చెప్పొద్దని ఒట్టు నేనే పెట్టిచ్చుకున్న. నువ్వు భయపడ్తవని."

లక్ష్మీనర్సమ్మకు ఆ తాడు గుర్తొచ్చింది. కొడుకు చేతికి చుట్టుకున్న తాడు. తాను లాక్కుని గడ్డివాములో కుక్కిన తాడు. సందు ఒక్కటి జర ఉంచుమనుండ్రి. ఎందుకమ్మా? మాట్లాడెటందుకు.

మర్నాడు ఆమె మరిపెడ మీదుగా పోయే ఖమ్మం బస్సెక్కింది. ఒంటరిగా అంత దూరం ఎన్నడూ పోలేదు. వర్ధన్నపేట దాటాక బస్సు బోల్తా పడుతుందేమోనని కళ్ళు మూసుకుంది. పడితే పడనీ, మరిపెడ చేరి ఒక్క మాట చెప్పాక పడనీ అనుకుంది, అనుకుని భయపడింది.

సైకిల్ షాపు వెనక ఒక గది, ఒక వంటసాల. హుసేన్‌బీ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తలెత్తి చూసింది. చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"రాండ్రి. కూసోండ్రి."

రాండ్రి. కూసోండ్రి. ఇరవై రెండేళ్ళలో ఆమె నోటి నుంచి ఆ పిలుపు రాలేదు. రా అక్కా, కూసో అక్కా, ఏందక్కా, పోవే అక్కా, అంతే. లక్ష్మీనర్సమ్మ మంచం అంచున కూర్చుంది. కరీం చొక్కా వేసుకుని పోయి, దుకాణం నుంచి గోలీసోడా తెచ్చి ఆమె పక్కన పెట్టి షాపులోకి వెళ్ళిపోయాడు.

దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ పోయాయి. ఉన్నది ఒక్కటే. ఇప్పుడు ఆ మాటకు ఆమె భయపడలేదు.

"చెల్లె, నా కొడుకు బాయిల దుంకుతడని భయపడ్డ. గందుకే బండ అన్న. నీళ్ళు గాదు, మీ చెయ్యి గాదు. వాడు నన్ను ఇడిసిపెట్టి పోతడని భయపడ్డ. ఆ మాట నోట్లకెళ్ళి రాకపాయె."

"నాకు ఎరుకే" అన్నది హుసేన్‌బీ.

"ఎరుకేనా?"

"ఎరుక లేకుంటె రోజు నా చేద ఎందుకు పడ్తది?" ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "కిషన్ రావు సార్ కాడ సుత ఎరుకే. ఇప్పుడు చెప్తది, ఇప్పుడు చెప్తది అని చూసిన. నేను చెప్పొద్దు, పిల్లగాడు ఒట్టు పెట్టిండు. మీరు చెప్పొచ్చు. కన్నతల్లి గదా. మీరు తలుపేసుకొని సార్‌తోని మాట్లాడుతుంటే నేను అరుగు మీద కూసొని దువా చేసిన, ఆమె నోరు తెరిపియ్యి అల్లా అని."

"తప్పయింది చెల్లె."

"మీరు భయపడ్డందుకు నాకేం బాధ లేదు. నేను సుత భయపడ్డ. నాకు ఒక్కటే సమజ్ గాలే." హుసేన్‌బీ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. "అబద్ధమే చెప్పాల్నంటే ఎన్ని లెవ్వు? బాయిల పాము కనబడ్డదంటే అయిపోతుండె. కప్పలు దుంకుతానయంటే అయిపోతుండె. ఏది నోటికొస్తె అది అన్నరు గదా, మరి ఆ మాటనే ఎందుకొచ్చింది? ఇరవై రెండేండ్లు అది ఏడ దాసిపెట్టుకున్నరు?"

లక్ష్మీనర్సమ్మ వెతికింది. నిజంగానే వెతికింది. ఎక్కడ ఉండింది ఆ మాట? తాను నేర్చుకున్నది కాదు, అనుకున్నది కాదు. హుసేన్‌బీ ముంచి ఇచ్చిన నీళ్ళు ఏనాడూ వెనకాడకుండా తాగింది. అయినా భయంలో చేయి చాపితే మొదట తగిలింది అదే.  హుసేన్‌బీ చేట తీసుకుని మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

"చెల్లె" అన్నది లక్ష్మీనర్సమ్మ కడకు. "దూపయితాంది. జరన్ని మంచినీళ్ళియ్యి. మీ కుండల నీళ్ళు."

చేట ఆగలేదు.

"సోడా తాగుండ్రి. సీసా దుకాణమోనికి వాపసియ్యాలె."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది. లక్ష్మీనర్సమ్మ గోలీ లోపలికి నొక్కింది. సోడా పొంగి చేతుల మీదికి కారింది. సగం తాగింది, గొంతు మండింది, మిగతా సగం కూడా తాగింది. ఖాళీ సీసాను మంచం కోడు పక్కన నిలబెట్టింది. లోపల గోలీ కాసేపు గలగలమని ఆగింది.

బస్సు దాకా హుసేన్‌బీ వచ్చింది. నాలుగడుగులు వెనకగా నడిచింది. వరంగల్లు బస్సు వచ్చి ఆగి, లక్ష్మీనర్సమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, కిందినుంచి ఆమె తలెత్తింది.

"పిల్లగాడు మంచిగ తింటాండా?" అని అడిగింది. అది పాత గొంతు. బావి సందులోంచి వచ్చే గొంతు.

"తింటాండు. మొన్న రెండుమార్లు పెట్టిచ్చుకున్నడు."

"చాలు తియ్యి" అన్నది హుసేన్‌బీ.

కండక్టరు ఈల వేశాడు. లక్ష్మీనర్సమ్మ కిటికీలోంచి చేయి బయటికి చాపింది. హుసేన్‌బీ అప్పటికే కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది. సైకిల్ షాపు దాకా నడిచింది, లోపలికి పోయే ముందు వాకిట్లో మంచం పక్కనున్న సోడా సీసాను తీసుకుంది, సోడా దుకాణం వైపు పోయింది.